ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో: ఈ పోటీని తేల్చింది డిస్కే

మీరు రెండు విషయాలు అడిగారు. ప్లేస్టేషన్ చేసే సోనీ, ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్, నింటెండో ఇన్నేళ్లుగా పోటీ పడుతున్నాయి కదా, చివరికి ఎవరు గెలిచారు అనేది ఒకటి. చెన్నైలో ఉంటున్నాం, పదో తరగతి చదివే మా అబ్బాయికి టీవీకి తగిలించి ఆటలాడే కన్సోల్ కొనాలి, ఏది బలమైన మెషీనో చూసి కొంటే సరిపోతుందా అనేది రెండోది. ముందు రెండోదానికి చెప్పేస్తాను: సరిపోదండి. బలమైన మెషీన్ అయినంత మాత్రాన గెలిచిన సందర్భాలు తక్కువ.

నాది నెల్లూరు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌లో కన్సోళ్లు రిపేర్ చేసి, పాతవి కొని అమ్మే షాపులో చేరాను. పీఎస్2, అంటే సోనీ రెండో ప్లేస్టేషన్ రోజుల నుంచి ఇదే పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కాలేజీ హాస్టల్ కుర్రాళ్లు, టీ నగర్, అన్నా నగర్ కుటుంబాలు, సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో వచ్చేవాళ్లు. వాళ్లెవరూ ప్రాసెసర్ గురించి ముందు అడగరు. "అన్నా, దీని సీడీలు దొరుకుతాయా? మా ఫ్రెండ్ దగ్గరున్నది ఇందులో ఆడుతుందా? ఆడేశాక తిరిగి తీసుకుంటారా?" ఇవే ప్రశ్నలు. ఈ కంపెనీల పోటీ మొత్తాన్ని నేను ఈ ప్రశ్నల వైపు నుంచే చూశాను. ఆట దేనిమీద వస్తుంది, కొన్నవాడికి దానిమీద ఎంత హక్కు ఉంటుంది అన్నది చాలాసార్లు మెషీన్ బలం కంటే పెద్ద విషయమైంది.

మొదట పగ్గాలు నింటెండో చేతిలో ఉండేవి. 1983లో జపాన్‌లో ఫామికామ్ అనే దాని కన్సోల్ వచ్చింది, 1985లో అదే మెషీన్ రూపం మార్చుకుని అమెరికా వెళ్లింది. అమెరికా మోడల్‌లో ఒక లాక్ చిప్ పెట్టారు. నింటెండో ఒప్పుకోని క్యాసెట్ పెడితే మెషీన్ నడవదు. బయటి కంపెనీలు ఆట తయారుచేస్తే క్యాసెట్లు నింటెండో దగ్గరే చేయించుకోవాలి, డబ్బు ముందే కట్టాలి, అమ్ముడుపోకపోతే నష్టం వాళ్లదే. పైగా ఏడాదికి ఐదు ఆటలకు మించి ఇవ్వకూడదని హద్దు. కన్సోల్ వ్యాపారానికి పునాది ఇక్కడే పడింది. పెట్టె మీద లాభం లేకపోయినా, కొన్నిసార్లు నష్టానికి అమ్మినా, దానిమీద ఎవరు ఏ ఆట అమ్మినా అందులో వాటా వస్తుంది. ఎక్స్‌బాక్స్ పెట్టెల మీద ఎప్పుడూ లాభం రాలేదని 2021లో అమెరికా కోర్టులో మైక్రోసాఫ్ట్ అధికారే చెప్పారు.

జపాన్ ఫామికామ్‌లో మాత్రం ఆ లాక్ చిప్ లేదు. అందుకే దాని నకళ్లు ఆసియా అంతా పాకాయి. మన ఇళ్లలో తొంభైల్లో మారియో, కాంట్రా ఆడిన క్యాసెట్ మెషీన్లు చాలావరకు ఆ నకళ్లే. వేసవి సెలవుల్లో వీధిలో ఒకరి ఇంట్లో మెషీన్ ఉంటే చాలు, క్యాసెట్లు ఇల్లిల్లూ తిరిగేవి.

సోనీ ఈ రంగంలోకి వచ్చిన తీరు ఆసక్తిగా ఉంటుంది. నింటెండో తర్వాతి మెషీన్ సూపర్ ఫామికామ్‌కు సీడీ డ్రైవ్ చేసిపెట్టే ఒప్పందం సోనీకి ఉండేది. 1991లో షికాగో ప్రదర్శనలో సోనీ ఆ సంగతి ప్రకటించింది. మర్నాడే నింటెండో, తాము ఫిలిప్స్‌తో పనిచేస్తున్నామని అక్కడే చెప్పింది. అందరి ముందు జరిగిన ఆ అవమానం తర్వాత కెన్ కుతరాగి అనే ఇంజినీరు పట్టుబట్టి సోనీ సొంత మెషీన్‌ను ముందుకు నడిపించారు. 1994 డిసెంబరు 3న జపాన్‌లో ప్లేస్టేషన్ వచ్చింది. తర్వాతి మే నెలలో అమెరికాలో ఇంకో జపాన్ కంపెనీ సెగా తన కన్సోల్ సాటర్న్ ధర 399 డాలర్లని చెప్పిన రోజే, సోనీ మనిషి వేదికెక్కి "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు.

ధర ఒక్కటే అయితే 1996లో వచ్చిన నింటెండో 64 సోనీని ఆపి ఉండేది. కొన్ని విషయాల్లో అది ప్లేస్టేషన్ కంటే బలమైనదే. కానీ నింటెండో క్యాసెట్‌ను వదల్లేదు. ఆ క్యాసెట్లలో అన్నిటికంటే పెద్దది 64 మెగాబైట్లు, సీడీలో దాదాపు 650 పడతాయి. సీడీ ముద్రించడం చవక, త్వరగా అవుతుంది. ఆట బాగా పోతే వెంటనే మళ్లీ ముద్రించుకోవచ్చు. అప్పటిదాకా ఎక్కువగా నింటెండో మీదే వచ్చిన ఫైనల్ ఫాంటసీ అనే ఆటల వరస 1997లో మూడు సీడీలతో ప్లేస్టేషన్‌కు మారిపోయింది. ఆట తయారుచేసేవాళ్లు ఎటు వెళ్తే కొనేవాళ్లు అటు వెళ్లారు. చివరికి ప్లేస్టేషన్ పది కోట్లు దాటింది, నింటెండో 64 సుమారు మూడు కోట్ల ముప్ఫై లక్షల దగ్గర ఆగింది.

ఇక పీఎస్2. దీని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను. 2000 మార్చిలో జపాన్‌లో విడుదలైంది, మొత్తం 16 కోట్లకు పైగా అమ్ముడైందని సోనీ లెక్క. ఇంతవరకు ఏ కన్సోల్‌కూ ఆ సంఖ్య లేదు. అది డీవీడీ సినిమాలు కూడా వేస్తుంది. ఈ ఒక్క మాటతో ఎందరు పిల్లలు నాన్నల్ని ఒప్పించారో నేను కళ్లారా చూశాను. ఇంట్లో అమ్మకు, నాయనమ్మకు కూడా పనికొచ్చే వస్తువు అది. పోటీగా వచ్చిన నింటెండో గేమ్‌క్యూబ్ చిన్న డిస్కు వాడింది, అందులో డీవీడీ నడవదు. మొదటి ఎక్స్‌బాక్స్‌లో సినిమా చూడాలంటే రిమోట్ కిట్ విడిగా కొనాలి. సెగా డ్రీమ్‌కాస్ట్ అన్నిటికంటే ముందొచ్చినా, అప్పటికే నష్టాల్లో ఉన్న సెగా 2001 మార్చిలో దాని తయారీ ఆపేసి, ఆటలు మాత్రమే చేసే కంపెనీగా మిగిలింది.

మన దగ్గర పీఎస్2 గట్టిగా నిలబడటానికి క్రికెట్ కూడా కారణం. ఈఏ స్పోర్ట్స్ వాళ్ల క్రికెట్ 07 అనే ఆట కంప్యూటర్‌కూ పీఎస్2కూ మాత్రమే వచ్చింది. తర్వాతి తరం మెషీన్లయిన ఎక్స్‌బాక్స్ 360కి రాలేదు, పీఎస్3కీ రాలేదు. కొత్త మెషీన్ కొనే స్తోమత ఉండి కూడా ఆ ఒక్క ఆట కోసం పీఎస్2 అడిగినవాళ్లు మా షాపుకు వచ్చేవారు. 2009లో హైదరాబాద్ కంపెనీ ఒకటి పీఎస్2కే హనుమంతుడి ఆట తయారుచేసింది, మన దేశంలో తయారైన మొదటి పీఎస్2 ఆట అదేనన్నారు. బయట పీఎస్3 వచ్చి మూడేళ్లవుతున్నా ఇక్కడ పాత పెట్టెకే కొత్త ఆట అన్నమాట.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, అది దాస్తే జవాబు సగమే అవుతుంది. బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్‌లో కాపీ డిస్కులు వంద రూపాయల లోపే దొరికేవి. నగరంలో నేను విప్పి చూసిన పీఎస్2ల్లో ఎక్కువవాటికి ఆ కాపీలు నడిచేలా చిప్ వేసి ఉండేది. ఆ డిస్కుల మీద సోనీకి పైసా రాలేదు, ఆట రాసినవాళ్లకూ రాలేదు. అది తప్పే. కానీ ఆ తరం పిల్లలు ఉద్యోగాల్లో చేరి సొంత డబ్బుతో కొనే రోజొచ్చేసరికి వాళ్ల నోటికి వచ్చిన పేరు ప్లేస్టేషన్. ఇప్పటికీ పెద్దవాళ్లు ఏ కన్సోల్‌నైనా పీఎస్ అనే అంటారు.

అమెరికా బంధువుల సంగతి కూడా చెప్పాలి, తెలుగు ఇళ్లలో ఇది పెద్ద విషయం. అన్నయ్య తెచ్చిన అమెరికా పీఎస్2ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టి లోపలి పవర్ సప్లై కాల్చుకుని వచ్చినవాళ్లెందరో. ఎక్స్‌బాక్స్ 360 అడాప్టర్‌కూ అదే ఇబ్బంది. పైగా దాని అమెరికా డిస్కులు చాలావరకు ఇక్కడి మెషీన్‌లో పనిచేయవు. పీఎస్3 ఆటలకు ఆ ప్రాంతాల తాళం తీసేశారు. న్యూజెర్సీలో కొన్న డిస్కు నెల్లూరులో ఆడుతుంది. 2007లో ఇక్కడ 39,990 రూపాయలకు వచ్చిన పీఎస్3 చాలామందికి అందని ధర. అయినా దానికి ఆదరణ దొరకడంలో సూట్‌కేసుల్లో వచ్చిన ఆ డిస్కుల పాత్ర ఉందని నేను నమ్ముతాను. ప్రపంచంలో ఆ తరంలో పది కోట్లు దాటింది మాత్రం నింటెండో వీ (Wii) అనే కన్సోల్. మూడింటిలో బలహీనమైనదీ చవకైనదీ అదే. నింటెండో మన దేశంలో సొంతంగా అమ్మకాలు పెట్టకపోవడంతో మా వీధిలో అది ఎప్పుడో ఒకటి కనిపించేది.

అసలు మలుపు 2013లో వచ్చింది. ఎక్స్‌బాక్స్ 360తో సోనీకి గట్టి పోటీ ఇచ్చిన మైక్రోసాఫ్ట్, ఎక్స్‌బాక్స్ వన్ ప్రకటిస్తూ కొత్త నిబంధనలు చెప్పింది. మెషీన్ 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు కలవాలి. పాత డిస్కు అమ్మాలంటే వాళ్లు ఒప్పుకున్న షాపుల్లోనే అమ్మాలి. స్నేహితుడికి ఇవ్వాలన్నా ఒక్కసారే, అదీ షరతులతో. ఆ ఏడాది తమిళనాడులో కరెంటు కోతలు, నెట్ కనెక్షన్లు ఎలా ఉండేవో గుర్తున్నవాళ్లకు దీని అర్థం చెప్పక్కర్లేదు. మా షాపు సగం నడిచేది పాత డిస్కుల ఎక్స్చేంజ్ మీద. హాస్టల్‌లో నలుగురు డబ్బులేసుకుని ఒక ఆట కొని, అందరూ ఆడేశాక తెచ్చి, పైన కొంత వేసి ఇంకోటి పట్టుకెళ్లేవారు. వాళ్ల ముఖాల్లో నేను చూసిన కోపం ఒక కంపెనీ మీద అభిమానం వల్ల వచ్చింది కాదు. వాళ్ల ఆట మానేయాల్సి వస్తుందన్న బాధ అది.

జూన్‌లో లాస్ ఏంజెలెస్ వేదిక మీద సోనీ, పీఎస్4లో పాత డిస్కులు అమ్ముకోవచ్చు, అప్పివ్వచ్చు అని చెప్పేసరికి హాలంతా కేకలు. ఆట ఎలా పంచుకోవాలో చూపిస్తూ ఒక చిన్న వీడియో కూడా వదిలారు: ఒకాయన డిస్కు ఇంకొకాయన చేతిలో పెడతాడు, అంతే. ధర కూడా ఎక్స్‌బాక్స్ వన్ కంటే వంద డాలర్లు తక్కువ, 399. జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనలన్నీ వెనక్కి తీసుకుంది. అప్పటికే పేరు పోయింది. మన దేశానికి పీఎస్4 2014 జనవరిలో వస్తే, ఎక్స్‌బాక్స్ వన్ సెప్టెంబరులో వచ్చింది. ఈలోగా మా కౌంటర్‌లో పీఎస్4 డిస్కుల చలామణి మొదలైపోయింది. స్నేహితుల దగ్గర ఏ డిస్కులుంటే ఆ మెషీనే కొంటారు కదా. పీఎస్4 పదకొండు కోట్ల డెబ్బై లక్షలు దాటింది. మైక్రోసాఫ్ట్ 2015 నుంచి పెట్టెల సంఖ్య చెప్పడమే మానేసింది.

మరి ఇప్పుడు ఎవరు గెలిచినట్టు? టీవీ కింద పెట్టే పెట్టెలో సోనీ గెలిచిందనే నా అభిప్రాయం. నింటెండో ఆ పందెం వదిలి చేతిలో పట్టుకుని ఆడే దారి పట్టింది, 2017లో వచ్చిన స్విచ్ 15 కోట్లు దాటింది. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ఆటలు తయారుచేసే పెద్ద కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్ల ఒప్పందంతో సొంతం చేసుకుని, నెలవారీ చందాతో ఆటలిచ్చే గేమ్ పాస్ మీద పడింది. ఒకప్పుడు తన పెట్టెకే పరిమితం చేసిన కార్ల పందెం ఆట ఫోర్జా హొరైజన్ 5ని 2025లో పీఎస్5కి ఇచ్చింది. ప్రత్యర్థి పెట్టె మీద ఆట అమ్ముకుంటోందంటే పెట్టెల పోటీ దానికి ముఖ్యం కాకుండా పోయిందనే కదా.

నన్ను కలతపెట్టేది వేరే సంగతి. 2013లో జనం వద్దన్నది మెల్లగా వచ్చేస్తోంది, ఈసారి అన్ని కంపెనీల నుంచీ. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. పీఎస్5 డిజిటల్ కూడా డిస్క్ డ్రైవ్ లేకుండానే వస్తుంది. స్విచ్ 2 కార్డుల్లో కొన్నిటిలో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది, ఆట డౌన్‌లోడ్ చేసుకోవాలి. డిస్కు లేని మెషీన్‌కు ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్టు ఒక్కటే, అది ఆ కంపెనీదే. అది మూసేస్తే మనం చేయగలిగింది లేదు. నింటెండో 2023 మార్చిలో తన పాత మెషీన్లు వీ యూ, 3డీఎస్‌ల కొట్లు మూసింది. ఎక్స్‌బాక్స్ 360 కొట్టు 2024 జులైలో మూతపడింది. కొత్త పీఎస్5 ఆట దాదాపు ఐదు వేలు పలుకుతున్న రోజుల్లో, ఆడేశాక దాన్ని ఇంకొకరికి ఇచ్చే వీలు లేకపోతే మధ్యతరగతి పిల్లవాడు ఏడాదికి ఎన్ని ఆటలు ఆడగలడు? ఇన్ని కంపెనీలు పోటీపడినందుకు మనకు దక్కిన మేలు ఈ చలామణీయే. దాన్ని పోగొట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

కాబట్టి మీ అబ్బాయి స్నేహితుల దగ్గర ఏముందో ముందు కనుక్కోండి. ప్లేస్టేషన్ అయితే కాస్త ఎక్కువైనా డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 తీసుకోండి. ఎవరి దగ్గరా ఏమీ లేదు, ఇంట్లో నెట్ బాగుంది, రకరకాల ఆటలు రుచి చూడాలని ఉంది అంటే సిరీస్ ఎస్, గేమ్ పాస్ ఖర్చు తక్కువలో అయిపోతాయి. ఆ నెలవారీ చందా మాత్రం మీరు లెక్కలో వేసుకోవాలి. స్విచ్ కొంటే వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి, ఇక్కడ అమ్మేవి దిగుమతి సరుకే. సెకండ్ హ్యాండ్‌లో పీఎస్5 కొంటున్నారా, షాపులోనే ఒక డిస్కు పెట్టి ఆట మొదలయ్యేదాకా చూడండి, ఒకటికి రెండుసార్లు బయటకు తీసి మళ్లీ పెట్టండి. డ్రైవ్ పాడైతే రిపేరు ఖరీదు, ఇష్టమొచ్చిన డ్రైవ్ తెచ్చి పెడితే పనిచేయదు. పాత ఓనరు అకౌంట్ మీ ముందే తీయించి, మెషీన్ మొత్తం రీసెట్ చేయించాకే డబ్బులివ్వండి.