ఊపిరితిత్తులు చూడకుండా గుండె అని రాయకు

చిట్టితల్లీ,

నీ పీహెచ్‌డీ సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రోగనిరోధక శక్తి లేని ఎలుకల గుండె రేడియేషన్ తర్వాత ఎలా పనిచేస్తుందో చూస్తావట. పర్లాకిమిడి ఇంట్లో బల్లిని చూస్తే నా వీపెక్కేదానివి! సంతోషం పట్టలేకపోయాను, నిద్రా పట్టలేదు.

అత్తయ్య ఎడమ రొమ్ముకి రేడియేషన్ కోసం మేం విశాఖ తిరిగిన రోజులు నీకు గుర్తే. స్వీడన్, డెన్మార్క్ ఆడవాళ్ల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, గుండెకు సగటున తగిలిన ఒక్కో గ్రేకి (రేడియేషన్ డోసు కొలత) పెద్ద గుండెజబ్బుల ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది. అందుకే ఇది నాకు ఇంటి పనిలా ఉంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, డోసు కొలత, ఎకో (గుండె స్కాన్) తీసేటప్పుడు అన్నిటికీ ఒకే మత్తు... ఇవి నీకు చెప్పక్కర్లేదు. ఎలుకల ఎంపిక మాత్రం జాగ్రత్త. పీఆర్‌కేడీసీ జన్యువు చెడి ఇమ్యూనిటీ లేకుండా పుట్టే స్కిడ్ రకం వద్దు. తెగిన డీఎన్ఏని అతికించుకునే శక్తే వాటికి తక్కువ. దెబ్బ ఎక్కువ తగిలితే కారణం ఇమ్యూనిటీయో, అతుకు పడకపోవడమో తేలదు. ఇమ్యూనిటీ కణాలు ఎదగడానికి కావాల్సిన ఐఎల్2ఆర్‌జీ జన్యువు తీసేసినవాటికి ఆ చిక్కు లేదు.

ఇక నా తప్పు. ఉద్యోగంలో ఉండగా థైమస్ (ఇమ్యూనిటీ కణాలు ఎదిగే గ్రంథి) లేని, బొచ్చు కూడా ఉండని న్యూడ్ ఎలుకల బాధ్యత నాది. ఛాతీకి రేడియేషన్ ఇచ్చి నాలుగు నెలలైంది. ఓ పొద్దున మామూలు ఎలుకల గది చూసుకుని, రెండు నిమిషాల పనే కదా అని గౌను మార్చకుండానే న్యూడ్ ఎలుకల గదికి వెళ్లాను. మూడు వారాలకి ఒకటి మూలకి ముడుచుకుంది. డొక్కలు ఎగరేస్తోంది. కళ్ల చుట్టూ రక్తం లాంటి మరక. అది రక్తం కాదు, ఎలుకకి నలతగా ఉంటే కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్ర రంగు. రిజిస్టర్‌లో ‘గుండె వైఫల్యం’ అని రాసేశాను. ఇంకో నాలుగు పోయాయి. వాటికీ అదే రాశాను. ఆరోదాన్ని కోస్తే ఊపిరితిత్తులు కాలేయంలా గట్టిపడి ఉన్నాయి. ఇన్ఫెక్షన్. రేడియేషన్ ఇవ్వని న్యూడ్ ఎలుకలు పక్కన ఉంటే అవీ ముడుచుకునేవి, ముందే తెలిసేది. ఖర్చు దండగని వద్దన్నది నేనే. మొదటి ఐదింటినీ కోయకుండానే పారేశాం. వాటి ప్రాణం దేనికీ కాకుండా పోయింది తల్లీ.

నువ్వు నాలుగు గుంపులూ పెట్టు. మామూలువి, ఇమ్యూనిటీ లేనివి, రెండింటిలోనూ రేడియేషన్ ఇచ్చినవీ ఇవ్వనివీ. గైడ్ ఖర్చంటే పోట్లాడు. పొద్దున్నే ముందు ఇమ్యూనిటీ లేనివాటి గదికే వెళ్లు. జలుబు చేస్తే అసలు వెళ్లకు. మాటిమాటికీ జలుబు తెచ్చుకునేది నువ్వే.

రథయాత్రకి రా. అత్తయ్య మెట్లెక్కితే ఆయాసపడుతోంది. వచ్చే నెల ఎకోకి తీసుకెళ్తున్నాను. రిపోర్టు పంపిస్తాను, చూసి చెప్పు.

మావయ్య