ఆరుబయట సంగీత విభావరిలో చివరి వరుసకూ మాట తేటగా వినపడాలంటే

వందనాలండీ. సికింద్రాబాద్‌లో ఏటా డిసెంబరులో మీ చర్చి యూత్ పెట్టే విభావరికి రెండు వేల మంది వస్తారని, పోయినసారి వెనకవాళ్లకు పాట రెండుసార్లు వినిపించిందని, కీబోర్డులో గుయ్యిమనే మోత ఆగలేదని రాశారు. ఇలాంటి సభలకు సౌండ్ చూసిన అనుభవంతో చెప్తున్నాను. మన జనం కలిసి పాడటానికి వస్తారు. మాట తెలియకపోతే పల్లవికి గొంతు కలిపి చరణానికి ఊరుకుంటారు. అందుకని డబ్బులు బేస్ బాక్సులకు పోయకుండా ముందు మాట సంగతి చూడండి.

పాట రెండుసార్లు వినపడిందంటే వెనక స్పీకర్లకు డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదిలే అమరిక) పెట్టలేదన్నమాట. వైరులో సిగ్నల్ తక్షణమే వెనక బాక్సుకు చేరుతుంది, స్టేజీ శబ్దం గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లే నడుస్తుంది. స్టేజీకీ వెనక బాక్సుకూ మధ్య 35 మీటర్లుంటే 101 మిల్లీసెకన్లు ఆలస్యం పెట్టాలి. దాని మీద ఇంకో 10–15 కలిపితే పాట స్టేజీ నుంచే వస్తున్నట్టు ఉంటుంది. దూరం టేపుతో కొలవండి, అంగలతో కాదు. తర్వాత మైకు ముందు ఒకరిచేత చప్పట్లు కొట్టించి, వెనక బాక్సు దాటి నాలుగైదు మీటర్ల అవతల నిలబడి వినండి. ఒక్క దెబ్బగా వినపడితే కుదిరినట్టే.

మోత సాధారణంగా కరెంటు నుంచి వస్తుంది. కీబోర్డు స్టేజీ పక్క ప్లగ్గులో, మిక్సర్ ఇంకో లైనులో ఉంటే రెండు ఎర్తుల మధ్య తేడా కేబుల్లోకి దిగుతుంది. రెంటికీ ఒకే ఫేజు నుంచి లైను లాగించండి, కీబోర్డుకు గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు (సిగ్నల్ కేబుల్లో ఎర్తు కలయికను విడదీసేది) ఉన్న డీఐ బాక్స్, అంటే కీబోర్డు సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె, పెట్టండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎవరినీ విరగ్గొట్టనివ్వకండి, ప్రాణాల మీదికి వస్తుంది. లైట్లు, తినుబండారాల స్టాళ్లు వేరే ఫేజుల మీద ఉండాలి. జనరేటర్ నిలకడగా తిరిగాక, సామాను తగిలించక ముందే, మల్టీమీటరుతో చూడండి: ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర ఉండాలి. న్యూట్రల్ వదులైతే ఒక ఫేజులో వోల్టేజీ 400కు దగ్గరగా ఎగిరి కీబోర్డు, మిక్సర్ కలిసి కాలిపోతాయి.

క్వైర్‌కు మనిషికో మైకు వద్దు, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ మైకులో పడి వచ్చే కూత) పెరుగుతుంది. ముప్పైమందికి నాలుగు కండెన్సర్ మైకులు చాలు. గాయకులకు 60 సెంటీమీటర్ల దూరంలో మైకుంటే, మైకుకూ మైకుకూ మధ్య 1.8 మీటర్లు ఉంచండి. గాలికి ఫోమ్ తొడుగు, 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది బొంగురు శబ్దాలను తగ్గించే మిక్సర్ బటన్) తప్పనిసరి.

చలి మొదలయ్యాక వేణువు శ్రుతి దిగుతుంది, మంచుకు తబలా, డోలక్ చర్మం వదులవుతుంది. వాటిని వాడే ముందు మళ్లీ శ్రుతి చూసుకోవడానికి మధ్యలో ఐదు నిమిషాల సాక్ష్యం (ఒకరు తమ విశ్వాస అనుభవం చెప్పడం) పెట్టుకోండి. మిక్సర్ మీద టార్పాలిన్ కప్పాలి. అందరూ పాడే కీర్తనను గాయకుడి శ్రుతిలో కాకుండా ఒకటి రెండు మెట్లు దించి ఎత్తుకోండి.

సాహిత్యం తెర మీద ఒకసారికి రెండు పంక్తులే, నల్లటి నేపథ్యంలో తెల్లటి లావు అక్షరాలు. సన్నటి ఫాంట్‌లో వత్తులు దూరానికి కనపడవు. ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాటలు ఆ ఫాంట్లు లేని లాప్‌టాప్‌లో పిచ్చి గుర్తులవుతాయి, ఏ కంప్యూటరైనా చదివే యూనికోడ్‌లోకి ముందే మార్చేయండి. ప్రొజెక్టరైతే పొద్దుగూకాకే పనికొస్తుంది.

లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10కి మైకులు ఆగాలి. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 దాకా సడలించవచ్చు గానీ, మీ తేదీ ఆ రోజుల్లో లేకపోతే ఆ సడలింపు మీకు వర్తించదు. చివరి పాట 9:30కి ముగించండి. రాత్రి నేల దగ్గర గాలి చల్లబడితే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరపు ఇళ్లదాకా వెళ్తుంది. సాయంత్రం ఐదింటికి పెట్టిన వాల్యూమ్ తొమ్మిదికి అపార్ట్‌మెంట్లలో ఇంకా గట్టిగా వినపడుతుంది. ఎనిమిదిన్నర నుంచి బేస్ రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తూ, ఒక వాలంటీరును పక్క వీధిలో ఫోనుతో నిలబెట్టండి.