టీచర్‌కు సర్టిఫికెట్ లేదని బడి నుంచి ఉత్తరం వస్తే...

ప్రశ్న: మేడమ్, మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి నాలుగో తరగతి. మొన్న శుక్రవారం తన బ్యాగులో బడివాళ్ల ఉత్తరం ఒకటి కనిపించింది. లెక్కల టీచర్‌కు రాష్ట్రం కోరే సర్టిఫికెట్ లేదని, ఆమె నాలుగు వారాలుగా పాఠాలు చెబుతున్నందున తెలియజేస్తున్నామని అందులో ఉంది. మావారు వెంటనే సెక్షన్ మార్పించాలంటున్నారు. తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా ఇదే గొడవ. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారేమో, "తప్పు చేసి, దాన్ని వాళ్లే ఉత్తరం రాసి మరీ చెప్పుకుంటారా!" అని ముక్కున వేలేసుకుంటున్నారు. మమ్మల్ని ఏం చేయమంటారు?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, అలాంటి ఉత్తరం ఒకప్పుడు నా మీదే వెళ్లింది.

విజయవాడలో పన్నెండేళ్లు లెక్కలు చెప్పి, బి.ఎడ్. పట్టా పెట్టెలో పెట్టుకుని వచ్చినదాన్ని. ఇక్కడ నాకు మొదట దొరికింది సబ్‌స్టిట్యూట్ పని. నాలుగో తరగతి టీచర్ ఒకావిడ ప్రసూతి సెలవు మీద వెళితే పదకొండు వారాలు ఆ గది నాకు అప్పగించారు. నాలుగో వారం నిండగానే ఆఫీసులో ఉండే ఆవిడ నన్ను పిలిచింది. బల్ల మీద ఇరవై రెండు కవర్లు. "నీ గురించే వెళుతున్నాయి, ముందు నువ్వు చదవడం మర్యాద" అని ఒక కాగితం చేతికిచ్చింది. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. మన పట్టాలను ఇక్కడ మదింపు చేయించుకుని, రాష్ట్ర బోర్డు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకునేదాకా అవి లెక్కలోకి రావు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కాగితం మీద చూస్తే వేరు.

రెండో రోజు మెక్సికో నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ మనవడిని దుబాసీగా వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే: "ఈమెకు ఏం తెలియదట?" ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి పిల్లవాడు సిగ్గుతో మెలికలు తిరిగాడు. నాకు అన్నీ తెలుసునని చెప్పి పంపించాను.

నిజానికి నాకు తెలియనివి రెండు ఉన్నాయి. ఒకటి చిన్నది. మనం భాగహారం చేసేటప్పుడు భాగఫలాన్ని కుడి పక్కన వేస్తాం. ఇక్కడ గీత పైన వేస్తారు. నేను మన పద్ధతిలోనే బోర్డు మీద వేసుకుంటూ పోతే సగం మంది పిల్లలు తలకిందులయ్యారు. పక్క గది టీచర్ చూసి చెప్పాక సర్దుకున్నాను. రెండోది చిన్నది కాదు. నా తరగతిలో ఒక పిల్లవాడికి ప్రత్యేక విద్యా ప్రణాళిక ఉంది. పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలి, ప్రశ్నలు చదివి వినిపించాలి. ఆ కాగితం నా సొరుగులోనే ఉంది. అలాంటిది ఒకటి ఉంటుందనీ వెతికి చూడాలనీ నాకు తెలియదు. మూడు వారాలు వాడు అందరితో పాటే పరీక్ష రాసి, ఖాళీ కాగితం ఇచ్చాడు. మొండివాడనుకున్నాను. లెక్కలు రావడం వేరు, ఆ బడిలో టీచర్‌గా పనిచేయడం వేరు.

ఇక మీ అత్తగారి ఆశ్చర్యం. అది తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం కాదు, చట్టం రాయించిన ఉత్తరం. టైటిల్ వన్ అనే పథకం కింద (పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు చేసే సాయం అది) ఇక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే బడి, సర్టిఫికెట్ లేని టీచర్ వరసగా నాలుగు వారాలు పాఠం చెబితే ఇంటికి తెలియజేయాలి. 2015 నాటి కేంద్ర విద్యాచట్టంలోని నిబంధన ఇది. టీచర్ అర్హతలేమిటని మీరు అడిగితే చెప్పాలని కూడా అందులోనే ఉంది. తరగతిలో సహాయకులుంటే వారి గురించీ అడగవచ్చు. టెక్సస్‌కు సొంత చట్టం ఒకటి ఉంది. దాని లెక్క 30 పనిదినాలు. ఇంగ్లీషు మాతృభాష కాని తల్లిదండ్రులకు రెండు భాషల్లో ఇవ్వడానికి ప్రయత్నించాలని కూడా అంటుంది. అయితే 2015లోనే వచ్చిన మరో రాష్ట్ర చట్టాన్ని వాడుకుని చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని బడులను నడిపే సంస్థలు) సర్టిఫికెట్ నిబంధన నుంచి మినహాయింపు తీసుకున్నాయి. 2023-24లో టెక్సస్‌లో కొత్తగా చేరిన టీచర్లలో దాదాపు మూడో వంతుకు సర్టిఫికెట్ లేదు. మీ అమ్మాయి తరగతి వింతేమీ కాదు.

మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం టీచర్లకు అర్హతలుండాలంది, ఆ మరుసటి ఏడాది టెట్ వచ్చింది. కానీ అర్హత లేకపోతే ఇంటికి ఉత్తరం రాయమని ఆ చట్టం అనలేదు. నేను పనిచేసిన ప్రైవేటు బడిలో తనిఖీ రోజున ట్రైనింగ్ లేని టీచర్లను సెలవు పెట్టమనేవారు. మిగిలినవాళ్లం రెండేసి తరగతులు చూసుకునేవాళ్లం. తల్లిదండ్రులకు ఏనాడూ తెలియలేదు. ఆ ఉత్తరం చదివి నేను చిన్నబుచ్చుకున్న మాట నిజమే కానీ, ఈ పద్ధతే నయమని ఇప్పటికీ అంటాను.

సెక్షన్ మార్చమని ఇప్పుడే అడగకండి. ఏడాది మధ్యలో గది మారితే పిల్లకు అదో కుదుపు. ముందు ప్రిన్సిపాల్‌కు నాలుగు వాక్యాల ఈమెయిల్ రాసి సమయం అడగండి. "సర్టిఫికెట్ లేదు" అన్న ఒక్క మాట కింద చాలా రకాల మనుషులుంటారు: నాలా సెలవు మీద వెళ్లినవారి స్థానంలో వచ్చినవాళ్లు, పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నవాళ్లు, అసలు ఆ దారే పట్టనివాళ్లు. మీ టీచర్ వీరిలో ఎవరో, ఎప్పటిదాకా ఉంటారో అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఆమె పాఠాన్ని వారానికి ఒక్కసారైనా కూర్చుని చూసే అనుభవజ్ఞులు ఎవరో పేరుతో చెప్పమనండి. "మేమంతా తోడుంటాం" అని జవాబు వస్తే ఎవరూ లేరని అర్థం. అప్పుడు మీవారి మాట వినండి, డిస్ట్రిక్టు ఆఫీసుకు రాయండి. రాష్ట్ర బోర్డు జాబితాలో పేరు కొట్టి సర్టిఫికెట్ ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. అది మీరు చూసుకోండి, గ్రూపులో మాత్రం ఆమె పేరు పెట్టవద్దు.

ప్రిన్సిపాల్‌ను కలిసే ముందు మీ అమ్మాయి లెక్కల పుస్తకం ఒకసారి తెరవండి. భాగఫలం పైన కాకుండా కుడి పక్కన వేస్తుంటే దానికి టీచర్‌ను అనకండి, మీ అత్తగారిని అడగండి.