ఆ చదువు ఏ కాలేజీలో ఉంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. డీఎన్ఏ జెల్‌తో రక్తంలోంచి క్యాన్సర్ కణాలను ప్రాణంతో పట్టి వదులుతారని ఎక్కడో చూసిందట. నీట్ వద్దు, అదే చేస్తానంటోంది. నీట్ లాంగ్ టర్మ్ మంచిదా, బీటెక్ బయోటెక్ మంచిదా, పోల్చి చెప్పండి. ఇరవై నాలుగుకల్లా పెళ్లి చేయాలని మా ఆలోచన.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, అమ్మాయి ఏం చూసిందో మీరు కూర్చుని విన్నట్టు లేదు. ‘ఎక్కడో చూసిందట’ అని తేల్చేశారు. ముందు అదే చెప్తాను.

మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలే దాదాపు 500 కోట్లు. కణితి నుంచి జారిపడిన కణాలు వాటి మధ్య వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, ఒక్కోసారి అవీ దొరకవు. వాటిని పట్టడం కొత్తేం కాదు. అమెరికాలో 2004లోనే సెల్‌సెర్చ్ అనే పరీక్షకు అనుమతి వచ్చింది. కణం మీది ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ పూసిన ఇనుప రేణువులు కణానికి అతుక్కుంటే అయస్కాంతంతో లాగి, రంగు వేసి లెక్కపెడతారు. అయితే అప్పటికే కణం చచ్చిపోయి ఉంటుంది. దాని మీద ఏ మందు పనిచేస్తుందో ఇక చూడలేం.

మీ అమ్మాయి మనసు పడింది ఇక్కడే. ఆప్టమర్ అంటే మడతపడి, కణం మీది ప్రోటీన్‌ను పట్టుకునే చిన్న డీఎన్ఏ పోగు. దాన్ని ఆసరా చేసుకుని మిగతా పోగులు గొలుసుగా అల్లుకుంటే కణం చుట్టూ మెత్తటి జెల్ కడుతుంది. వదలాలంటే డీఎన్ఏను కోసే ఎంజైము వేస్తారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తగిలితే విడిపోయేలా అల్లిన జెల్స్ కూడా ఉన్నాయి. కణం బతికే బయటికొస్తుంది, పెంచి చూడొచ్చు. పదిహేడేళ్ల పిల్లకు ఇది నచ్చిందంటే నాకు ముచ్చటేసింది.

అలాగని బయోటెక్ బీటెక్‌కు పరుగెత్తకండి. ఆ కోర్సు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పేరు పక్కన నానో అనో, ఏఐ అనో తగిలిస్తే ఫీజు పెరుగుతుంది, ల్యాబ్‌లో మాత్రం అదే పాత సెంట్రిఫ్యూజ్. నాలుగేళ్లయ్యాక అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుకు చేరిన పిల్లలు నాకు చాలామందే తెలుసు. పైగా ఈ జెల్ పనిలో బయాలజీ ఎంతో కెమిస్ట్రీ కూడా అంతే. డీఎన్ఏ ఇక్కడ దారం పని చేస్తుంది. ఆర్గానిక్ అంటే మొహం ముడుచుకునే పిల్లయితే కష్టం. పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేస్తాయి. ఇంకోటి, ఆప్టమర్ వెతికే ప్రోటీన్‌ను వదిలించుకున్న కణాలు ఈ వలకూ చిక్కవు. ఈ పద్ధతి ఇంకా ల్యాబుల్లోనే ఉంది. అమ్మాయి చదువు పూర్తయ్యేసరికి దీని స్థానంలో మరొకటి రావచ్చు. వచ్చినా ఆమె చదివిన కెమిస్ట్రీ ఎక్కడికీ పోదు.

ఇక మీ సంగతి. పోలిక అడిగారు గానీ, మీ టెన్షన్ అంతా ఆ పెళ్లి వాక్యంలో ఉంది. వద్దన్న పిల్లను లాంగ్ టర్మ్ హాస్టల్లో ఏడాది ఉంచగలరు, పరీక్ష మాత్రం ఆమే రాయాలి. లక్షలు కట్టి కోపం కొనుక్కోవడం ఎందుకండీ? తనంతట తాను ఎంబీబీఎస్ అంటే సరే, డాక్టర్లూ పరిశోధనకు వస్తారు.

డబ్బు గురించి భయపడకండి. సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు బైపీసీ వాళ్లూ అర్హులే. సీటు రాకపోతే కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ చేసి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట ఎమ్మెస్సీకి ప్రయత్నించొచ్చు. జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో నెలకు 37 వేలు, రెండేళ్లు దాటాక 42 వేలు, ఇంటద్దె భత్యం వేరు. అప్పుడు మీరు పైసా పంపనక్కర్లేదు. మధ్యలో ఆగిపోయినా జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలకు ప్రయత్నించొచ్చు. రోడ్డున పడదు. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లూ బోలెడుమంది.

హైదరాబాద్ హబ్సిగూడలో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీలో సందర్శకులను రానిచ్చే రోజు ఎప్పుడో కనుక్కుని అమ్మాయిని తీసుకెళ్లండి. మీరు గేటు బయట టీ తాగుతూ ఉండిపోకండి, లోపలికి వెళ్లండి. ఆమె ఏ బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడిందో చూసి నాకు రాయండి.