మూడో పేజీ చదివావా, అల్లుడూ?

బరంపురం

అల్లుడూ,

పర్లాకిమిడిలో జీడిపప్పు మిల్లుకి షెడ్డు వేసి, బాయిలర్ కూడా పెట్టేశావని అక్క చెప్పింది. సంతోషం. మన కొండల్లో జీడిపిక్క ఏడాదంతా దొరకదు, మిల్లు ఆగకుండా ఆడాలంటే ఆఫ్రికా సరుకు తెప్పించుకోక తప్పదు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన అగ్రిమెంటు చూశాను. రేటు దగ్గర ఎర్రపెన్నుతో మూడు గీతలు గీశావు. మిగతా పేజీల మీద చుక్క సిరా లేదు. నాకు భయం వేసింది అక్కడేరా.

నా మొదటి కంటైనర్ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. 200 బస్తాలు, బస్తా 80 కిలోలు. అమ్మినవాడు అవుటర్న్ 47 అని రాశాడు, అంటే బస్తాకి 47 పౌన్ల పప్పు రావాలి (పౌను అంటే 454 గ్రాములు). విశాఖ నుంచి లారీ వచ్చింది, మీ అత్త, నేను వాకిట్లో కూర్చుని కిలో పిక్కలు తూచి కోశాం. 266 గ్రాముల పప్పు రావాల్సింది, పుచ్చు, నలుపు తీసేస్తే 244 దగ్గర ఆగింది. మళ్లీ కోశాం, అంతే. అంటే అవుటర్న్ 43. కంటైనర్ మొత్తం మీద 360 కిలోల పప్పు గాలికి పోయింది. ఫోన్ చేస్తే అమ్మినవాడు మర్యాదగానే చెప్పాడు: ‘మూడో పేజీ చూడండి సార్’. చూశాను. లోడింగ్ పోర్టులో ఇచ్చిన క్వాలిటీ సర్టిఫికెట్టే ఫైనల్ అని ఉంది. సంతకం నాదే.

అందుకని నువ్వు ముందు అడగాల్సింది, పిక్క ఎక్కడ కోస్తారు, ఎవరు కోస్తారు అని. దిగిన పోర్టులో, ఇద్దరూ ఒప్పుకున్న సర్వేయర్, అంటే సరుకు తనిఖీ చేసేవాడి ఎదుట కోత జరగాలి, ఆ లెక్కే ఫైనల్ కావాలి. పౌను తగ్గితే టన్ను ధరలో ఎంత తగ్గింపు, ఎంతకి దిగితే సరుకు వద్దనొచ్చు, తేమ ఎంత వరకు ఒప్పుకుంటావు, క్లెయిమ్ ఎన్ని రోజుల్లో వేయాలి, ఇవన్నీ అంకెల్లో ఉండాలి. ‘మంచి నాణ్యత’ అన్న మాట కనిపిస్తే కొట్టేయ్, దానికి ఎవడి అర్థం వాడిదే. వాడు ఒప్పుకోకపోతే రేటు ఇంకా తగ్గించమను. రిస్క్ నీదైనప్పుడు ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి కదా.

ఎల్సీ, అదే కాయితాలు సరిగ్గా ఉంటే అమ్మేవాడికి డబ్బు కడతానని బ్యాంకు ఇచ్చే హామీ, ఉంది కదా, బ్యాంకు చూసుకుంటుందిలే అనుకుంటున్నావేమో. బ్యాంకు కాయితాలు చూస్తుంది, పిక్కలు చూడదు. ఎల్సీలకి బ్యాంకులు పాటించే యూసీపీ 600 అనే అంతర్జాతీయ రూల్సు ఆ మాటే చెబుతాయి. కాయితాలు ఎల్సీకి సరిపోతే, బస్తాల్లో బూజు పట్టిన పిక్కలున్నా డబ్బు వెళ్లిపోతుంది. కాబట్టి నీకు ఏ కాయితం కావాలో, అది ఎవరిచ్చింది కావాలో ఎల్సీ తెరిచేటప్పుడే రాయించుకో. నువ్వు పప్పు అమ్మేటప్పుడు ఇదే తిరగబడుతుంది. ఇన్‌వాయిస్‌లో కొనేవాడి పేరు ఒక అక్షరం తేడా ఉన్నా, షిప్‌మెంట్ తేదీ దాటినా బ్యాంకు వెనక్కి పెట్టేయొచ్చు.

గొడవ వస్తే ఎక్కడ తేల్చుకోవాలి? నీ అగ్రిమెంటులో అమ్మేవాడి దేశం కోర్టు అని ఉంది. అక్కడ వకీలుని పెట్టుకునే డబ్బుతో ఇక్కడ ఇంకో బాయిలర్ వస్తుంది. పోనీ పర్లాకిమిడి కోర్టు అని రాయిస్తావా? గెలిచినా ఆ డిక్రీ పట్టుకుని ఆఫ్రికా వెళ్లి వసూలు చెయ్యాలిగా. మధ్యవర్తిత్వం పెట్టించు, లండన్‌లోనో సింగపూర్‌లోనో. 1958 న్యూయార్క్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో ఆ మధ్యవర్తి ఇచ్చిన తీర్పు (అవార్డు) అమలు చేయించుకోవచ్చు. అమ్మేవాడి దేశం అందులో ఉందో లేదో ముందే చూసుకో. ఏ దేశం చట్టం వర్తిస్తుందో కూడా పేరుపెట్టి రాయించు. సరుకుల అమ్మకాల మీద 1980లో వియన్నాలో ఒప్పందం కుదిరింది గానీ మన దేశం అందులో లేదు. కాయితం మీద రాయకపోతే ఎవడి చట్టం వాడు చదువుతాడు.

దుబాయ్ బేరం కూడా పెట్టావట. అక్కడి కోర్టు నోటీసొస్తే, అంత దూరంలో ఉన్నవాడు నన్నేం చేస్తాడులే అని మూలన పడేయకు. 2020 నుంచి యూఏఈ కోర్టుల డబ్బు డిక్రీని మన జిల్లా కోర్టులో తిన్నగా అమలు పెట్టొచ్చు. మీ పర్లాకిమిడిలోనే.

చిన్నాచితకా: ఐఈసీ, అంటే నీ ఎగుమతి దిగుమతి కోడ్, వివరాలు ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆన్‌లైన్‌లో సరిచూసి అప్‌డేట్ చెయ్, మర్చిపోతే కోడ్ ఆపేస్తారు. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ (ఓడ ఖర్చూ రిస్కూ ఎవరిదో చెప్పే షరతులు) అని రాసిన చోట, వాటి అర్థం తేల్చే రూల్సు ఇన్‌కోటర్మ్స్ 2020 అని, పోర్టు పేరుతో సహా ఉండాలి. టిన్ను మీద వేసే బ్రాండు ఇక్కడ రిజిస్టర్ చేస్తే దుబాయ్‌లో చెల్లదు, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. బ్యాంకు అకౌంట్ మారిందని సప్లయిర్ పేరుతో మెయిల్ వస్తే, పాత నంబరుకి ఫోన్ చేసి వాడి గొంతు వినేదాకా రూపాయి పంపకు. ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకో.

అడ్వాన్సు ఇంకా కట్టలేదు కదా? కట్టకు. ఆదివారం పొద్దున్న బస్సెక్కి రా, అగ్రిమెంటు ప్రింటు తీసుకుని. వాడు పంపిన శాంపిల్ పిక్కలు కూడా ఓ రెండు కిలోలు సంచిలో వేసుకురా. మీ అత్త కత్తి పదును పెట్టించింది.

మీ మావయ్య