మోటారు ఆపిన తరువాత కూడా పంచ్ ఎలా దిగింది?

వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగింతలు ఎందుకవుతుందనీ, పనితో దానికున్న సంబంధం యంత్రాలలో ఎక్కడ కనిపిస్తుందనీ మీరు అడిగారు. గతిజశక్తి అంటే ద్రవ్యరాశి, వేగవర్గాల లబ్ధంలో సగం అనే సూత్రాన్ని నేను బడిలోనే కంఠస్థం చేశాను గానీ, దాని అర్థం మాత్రం ఉక్కు పలకలకు రంధ్రాలు కొట్టే పవర్ ప్రెస్ దగ్గర శిక్షణ పొందుతున్నప్పుడే తెలిసింది.

ఒకరోజు డైలో, అంటే పలక కింద ఉండే అచ్చులో, ముక్క ఇరుక్కుంది. మోటారు స్విచ్ ఆపేశాను కదా అని చెయ్యి లోపలికి పెట్టబోతుంటే, పక్కనున్న సీనియర్ ఆపరేటర్ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగి, "మోటారు ఆగింది గానీ చక్రం ఆగలేదు, చూడు" అన్నారు. ఫ్లైవీల్ అనే ఆ బరువైన చక్రం పూర్తిగా నిలిచాక ముక్క తీయించారు. తరువాత కొత్త పలక పెట్టి, చక్రాన్ని మళ్లీ పూర్తి వేగానికి తెచ్చి, మోటారు ఆపి, చక్రాన్ని పంచ్‌కు కలిపే క్లచ్ పెడల్ తొక్కారు. కరెంటు లేకుండానే, రంధ్రం కొట్టే పనిముట్టయిన పంచ్ దిగి, 5 మిల్లీమీటర్ల మందమున్న పలకలో 20 మిల్లీమీటర్ల రంధ్రం పడింది.

ఆ రంధ్రానికి కావలసిన పనిని లెక్క వేసి చూడండి. మెత్తని ఉక్కును కత్తిరించడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 350 న్యూటన్ల బలం కావాలి. రంధ్రం అంచు వైశాల్యం 314 చదరపు మిల్లీమీటర్లు కనుక, గరిష్ఠ బలం దాదాపు 1,10,000 న్యూటన్లు. పంచ్ దిగేకొద్దీ ఆ బలం తగ్గిపోతుంది కాబట్టి, సగటున సగం బలం 5 మిల్లీమీటర్ల దూరం పనిచేసిందనుకుంటే, ఇతర నష్టాలతో కలిపి సుమారు 300 జౌళ్ల పని అవుతుంది. ఇది చక్రం గతిజశక్తి నుంచే రావాలి, వేరే దారి లేదు.

చక్రాన్ని 200 కిలోగ్రాముల బరువు, 40 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల బిళ్లగా తీసుకుంటే, నిమిషానికి 300 చుట్ల వేగంలో దానిలో సుమారు 7,900 జౌళ్లు ఉంటాయి. ఒక్క రంధ్రం కొడితే వేగం 300 నుంచి 294కు, అంటే 6 చుట్లు మాత్రమే తగ్గుతుంది. అదే రంధ్రాన్ని చక్రం 150 చుట్లతో తిరుగుతున్నప్పుడు కొడితే వేగం 138కి, అంటే 12 చుట్లు పడిపోతుంది. పని ఒకటే అయినా, సగం వేగంలో తగ్గుదల రెట్టింపు. మీరు అడిగిన వేగవర్గం నా చెవికి వినిపించింది ఇక్కడే, ఎందుకంటే మోటారు ఆపి వరుసగా కొట్టినప్పుడు ప్రతి దెబ్బకూ చక్రం శబ్దం మునుపటికన్నా ఎక్కువగా కుంగుతుంది.

కారణం దూరంలో ఉంది. నిశ్చలంగా ఉన్న వస్తువును ఒకే బలంతో నెడుతూ పోతే, రెట్టింపు వేగానికి రెట్టింపు సమయం చాలు. కానీ ఆ సమయంలో రెండవ సగంలో అది మొదటి సగంకన్నా మూడింతల దూరం పోతుంది. బలాన్ని దూరంతో గుణిస్తేనే పని గనుక, ఒకటీ మూడూ కలిసి నాలుగవుతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ 1829లో 'పని' అనే మాటను ఈ అర్థంలోనే వాడి, ద్రవ్యరాశి, వేగవర్గాల లబ్ధానికి ముందు సగం చేర్చారు. ఆ సగం ఉంటేనే చేసిన పనీ, గతిజశక్తిలో మార్పూ సరిగ్గా సమానమవుతాయి.

750 వాట్ల చిన్న మోటారు ఇంత ప్రెస్‌ను నడపగలగడం కూడా ఇందువల్లనే. సెకనులో ఇరవయ్యో వంతులో 300 జౌళ్లు ఇవ్వాలంటే 6,000 వాట్లు కావాలి. మోటారు మాత్రం రెండు దెబ్బల మధ్య విరామంలో ఆ లోటును తీరిగ్గా పూడ్చుకుంటుంది.

150 చుట్లకు దిగి నెమ్మదించినట్లు కనిపించే చక్రంలోనూ దాదాపు 2,000 జౌళ్లు, అంటే మరో ఆరు రంధ్రాలకు సరిపడే పని మిగిలే ఉంటుంది. అందువల్ల చక్రం పూర్తిగా ఆగి, పంచ్‌ను దించే ర్యామ్ కింద, అది దిగకుండా ఆపే సేఫ్టీ బ్లాక్ పెట్టిన తరువాతనే నేను డైలో చెయ్యి పెడతాను.