పని తగ్గింది, అన్నం తగ్గలేదు

ప్రశ్న: నా వయసు 59. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. ముప్పై ఏళ్లు సొంత సేద్యం చేశాను. మోకాళ్ల నొప్పుల వల్ల నాలుగేళ్ల కిందట పొలం కౌలుకిచ్చి, టౌన్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాను. తిండి మాత్రం ఎప్పట్లాగే. పొద్దున పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన చద్దన్నం), ఎండుచేప. మధ్యాహ్నం, రాత్రి అన్నం. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 74 కిలోలు. పొట్ట వచ్చింది గానీ కాళ్లు సన్నబడ్డాయి. మధ్యాహ్నం తినగానే కొట్లోనే కునుకు పడుతోంది. ఈమధ్య పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.2, బీపీ 146/92 వచ్చాయి. అన్నం పూర్తిగా మానేసి చపాతీలు తినమని మా అబ్బాయి గొడవ. ఇంట్లో 84 ఏళ్ల అమ్మ ఉంది. ఆవిడ కూడా నాతోపాటు పథ్యం చెయ్యాలా?

జవాబు: మీరు రాసిన తిండి పొలం పని చేసే మనిషికి చక్కగా సరిపోతుంది. దుక్కి దున్ని, గట్లు చెక్కి, మోపులు మోసే ఒంటికి మూడు పూటలా అన్నం కావాల్సిందే. పొద్దెక్కక ముందే చెమటలు కారే మనిషికి పఖాళలో నీళ్లూ ఉప్పూ రెండూ పనికొచ్చేవే. ఇప్పుడు మీరు ఫ్యాను కింద స్టూలు మీద కూర్చుని పొట్లాలు కడుతున్నారు. పళ్లెంలో అన్నం కుప్ప మాత్రం అంతే ఉంది. శ్రీకాకుళంలో మా ఓపీకి మీ వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే కథ. పని మారిన రోజు అందరికీ గుర్తుంటుంది, తిండి మార్చాల్సిన రోజే ఎవరికీ గుర్తుండదు.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ ఇంకా రానట్టే, కానీ గుమ్మం దాకా వచ్చినట్టు. 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వచ్చినట్టు. మీరు గుమ్మం దగ్గరున్నారు. ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. మూడు నాలుగు కిలోలు తగ్గినా తేడా కనిపిస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘కాళ్లు సన్నబడ్డాయి’ అన్నది. పొట్ట గురించి అందరూ అడుగుతారు, కాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. మనం తిన్న అన్నం రక్తంలో గ్లూకోజ్‌గా మారాక దాన్ని ఎక్కువగా లాగేసుకునేది కండ. వయసు మీద పడేకొద్దీ కండ కొంత తగ్గడం సహజం. పనిలేక కూర్చుంటే ఇంకా తొందరగా కరుగుతుంది. అంటే గ్లూకోజ్ దాచుకునే గాదె చిన్నదవుతోంది, మీరు మాత్రం పాత బస్తాలే తెచ్చి వేస్తున్నారు. మిగిలింది పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే మీకు ఉత్త ‘తగ్గించి తినండి’ అని చెప్తే అది సగం సలహానే. అన్నం తగ్గాలి, మాంసకృత్తులు పెరగాలి. అరవైకి దగ్గరపడ్డ మనిషికి బరువులో ప్రతి కిలోకీ రోజుకు కనీసం ఒక గ్రాము ప్రొటీన్ ఉంటే మంచిది. ఉండాల్సిన బరువు లెక్కన మీకు 65 గ్రాములనుకోండి. రెండు గుడ్లతో 12, వంద గ్రాముల చేపతో 18 దాకా, పెద్ద గ్లాసుడు పాలో పెరుగో అయితే 9, పిడికెడు పప్పుతో 7 గ్రాములు వస్తాయి. మరో పిడికెడు ఉలవలో పెసలో ఉడికించుకుంటే ఇంకో 7. మిగతాది అన్నంలోంచే వస్తుంది. ఇది మొదలుపెట్టే ముందు ఒక్కసారి క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కిడ్నీలో తేడా ఉంటే ఈ లెక్క మీకు వర్తించదు.

చపాతీ విషయంలో మీ అబ్బాయి మాటతో నేను ఏకీభవించను. వంద గ్రాముల గోధుమపిండిలో, వంద గ్రాముల బియ్యంలో కేలరీలు ఇంచుమించు ఒకటే. గోధుమలో పీచు కాస్త ఎక్కువ, అంతే. అన్నం మానేసి ఐదు చపాతీలు, బంగాళాదుంప కూర తినేవాళ్లు నా దగ్గర చాలామందే ఉన్నారు, వాళ్ల షుగర్ ఎక్కడుందో అక్కడే ఉంది. చిన్నప్పటి నుంచీ అన్నం తిన్నవారికి నెల తిరక్కుండానే చపాతీ మొహం మొత్తుతుంది కూడా. ఒక పని చేయండి. రేపు మీ ఒక్కరికీ పోసే బియ్యం కొట్లో తక్కెట్లో తూచి చూడండి. తూకం మీ చేతిలో పనే కదా! రోజు మొత్తం మీద అది 400 గ్రాములుంటే నెల రోజుల్లో మెల్లగా 200కి తీసుకురండి. ఖాళీ అయిన చోట మీ ఊళ్లో అందరికీ తెలిసిన డాల్మా పెట్టుకోండి. కందిపప్పు, పచ్చి అరటికాయ, బొప్పాయికాయ, వంకాయ, ములక్కాడ అన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. షుగర్ ఆహారం అని డబ్బాల్లో అమ్మే పొడుల కంటే నాకు దీని మీదే గురి ఎక్కువ. చోడిపిండి (రాగిపిండి) మంచిదే గానీ పల్చటి జావలా తాగితే షుగర్ తొందరగా ఎక్కుతుంది. ముద్దగానో రొట్టెగానో తినండి.

పఖాళ మానక్కర్లేదు. మార్చి 20న ఒడిశా అంతా పఖాళ దిబస చేసుకుంటుంటే మిమ్మల్ని గోడ వైపు తిరిగి కూర్చోమనే డాక్టర్ని కాను. వారానికి రెండు రోజులు, చిన్న గిన్నెడు, ఉప్పు వెయ్యకుండా, పక్కన ఆకుకూర వేపుడో గుడ్డో పెట్టుకుని తినండి. ఎండుచేప మాత్రం తగ్గించాలి. మీ బీపీకి అసలు శత్రువు అదీ, పచ్చడీ, వడియాలూను. రోజు మొత్తానికి ఉప్పు ఒక టీస్పూను దాటకూడదు, ఒక్క ఎండుచేపతోనే అందులో పెద్ద వాటా అయిపోతుంది. చేప తినాలనిపిస్తే పచ్చిది తినండి.

మీరు రాయకపోయినా అడుగుతున్నాను. కొట్లో రోజుకు ఎన్ని టీలు? ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అనుకుంటే పది చెంచాలైంది. డబ్బాలోంచి అప్పుడప్పుడూ తీసే పిడికెడు మిక్చర్ లెక్క వేరే. కొట్టు కట్టేసి ఇంటికొచ్చి తినేసరికి పదవుతుంటే, రాత్రి భోజనం క్యారేజీలో తెప్పించుకుని ఎనిమిదిలోపు కొట్లోనే తినేయండి. మధ్యాహ్నం తిన్నాక పావుగంట నడిస్తే ఆ కునుకు సగం పోతుంది. మోకాళ్లు ఒప్పుకున్నంత మేర, ఎత్తు స్టూలు మీంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, పూటకోసారి చేయండి. తిన్న గుడ్డు కండకు పట్టాలంటే కండకు పని చెప్పాలి.

ఇక మీ అమ్మగారు. ఆవిడకు మీ పథ్యం అస్సలు వద్దు. 84 ఏళ్ల మనిషి చిక్కిపోవడం పొట్ట రావడం కంటే ప్రమాదం. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, జాకెట్టు వదులైందా చూడండి. ‘పెద్దావిడ, తేలిగ్గా అరుగుతుంది’ అని టీలో బిస్కెట్లు, గంజి మాత్రమే ఇస్తుంటాం. వాటితో కడుపు నిండుతుంది, కండ మాత్రం నిలవదు. పూటకు రెండు ముద్దలే తింటే రోజుకు ఐదుసార్లు పెట్టండి. మెత్తగా కలిపిన పప్పన్నంలో నెయ్యి, బాగా ఉడికిన గుడ్డు పెరుగులో చిదిపి, పాలు పోసిన చోడిజావ, వేరుశనగపొడి. చోడిజావ మీకు వద్దన్నాను, షుగర్ లేకపోతే ఆవిడకు మాత్రం భేషుగ్గా ఇవ్వొచ్చు. ఆ వయసులో దాహం తెలియదు, అడక్కపోయినా మంచినీళ్లు ఇవ్వాలి. ఆరు నెలల్లో మూడు కిలోలు తగ్గి ఉంటే తిండితో సరిపెట్టకండి. పళ్లు, మింగడం, థైరాయిడ్, మనసులో దిగులు అన్నీ డాక్టర్ చూడాలి.

మీ ఆవిడ గురించి ఒక్క మాటా రాయలేదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తింటుంటారని ఊహిస్తున్నాను. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. పాలు, పెరుగు, చోళ్లు, ముల్లుతో నమిలే చిన్న చేపలు ఆవిడకు తప్పకుండా కావాలి. గుడ్లు తెచ్చేటప్పుడు ఆవిడకూ కలిపి తెండి.

బీపీ ఒక్కసారి చూసి వదిలేయకండి. వారం తిరిగేలోగా మరో రెండు మూడు రోజులు, పది నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్నాక చూపించుకోండి. 140/90 పైనే ఉంటే మందుల సంగతి దగ్గర్లోని డాక్టర్‌తో మాట్లాడండి. ఈలోగా తలపోటు, ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే అదే రోజు వెళ్లాలి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి, అంతకంటే ముందు చేయిస్తే పాత తిండి లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది.